ఏడాదికి ఎనిమిది గంటల నిప్పు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ జిల్లా పేజీలో ఒక రకం ఫొటో తరచుగా వస్తుంటుంది. స్కిల్ సెంటర్ ముందర రిబ్బన్, కత్తెర పట్టుకున్న పెద్దాయన, ఎట్లయినా ఫ్రేములో పడాలని ఆయన భుజం పక్కనుంచి తల పెట్టే ఇంకో నలుగురు, వెనకాల ఫ్లెక్సీ, పక్కన కొత్త టీషర్టులు తొడిగించి ఎండలో నిలబెట్టిన పిల్లోళ్లు. తప్పని అనడంలేదు, సెంటర్ రావడం మంచిదే. కానీ నేను అనంతపురం జిల్లా ఐటీఐల్లో 29 ఏళ్లు పనిచేసి రిటైరైనోన్ని, ఫిట్టర్ ట్రేడ్‌లో ఏటీవోగా, అంటే పిల్లోళ్లకి పని నేర్పే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరుగా, చేరినోన్ని. ఆ ఫొటోలో నా కన్ను వెతికేది ఒకటే, ఇన్‌స్ట్రక్టర్ యాడున్నాడా అని. ఉండడు. కొన్నిసార్లు ఆ సెంటర్‌లోనే ఉండడు.

ముందు ఒక చిన్న లెక్క చెప్తా. వెల్డర్ ట్రేడ్ ఒక సంవత్సరం కోర్సు. నేను పనిచేసిన ఒక చోట, పేరు వద్దులెండి, పిల్లోనికి రోజుకి రెండు వెల్డింగ్ రాడ్లు ఇచ్చేవాళ్లం. పది గేజి రాడ్. అది అంటుకున్నాక నిమిషం, మహా అయితే నిమిషంపావు కాలుతుంది, చివర్లో మిగిలే రెండంగుళాల ముక్క పారేయడానికే. రెండు రాడ్లంటే రెండున్నర నిమిషాలు. సెలవలు, పరీక్షలు, ఎలక్షన్ డ్యూటీలు, కరెంటు లేని రోజులు పోను ఏడాదికి 200 రోజులు ప్రాక్టికల్ జరిగిందనుకోండి, నిజానికి జరగదు, అయినా అనుకోండి. 500 నిమిషాలు. అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. వెల్డర్ అని మనం ముద్ర కొట్టి పంపే పిల్లోడు సంవత్సరం మొత్తంమీద నిప్పు పట్టుకున్నది ఒక్క షిఫ్టంత సేపు! అదే గేట్లు గ్రిల్స్ చేసే షాపులో చేరిన పిల్లోడు ఆ 400 రాడ్లు పదిరోజుల్లో కాల్చి పడేస్తాడు, వాళ్ల ఓనరు తిట్టుకుంటానే ఇంకో ప్యాకెట్ తెప్పిస్తాడు.

అదే షెడ్డులో ఒక మూల వెల్డింగ్ సిమ్యులేటర్ ఉండేది. నెత్తికి హెల్మెట్ పెట్టుకుంటే లోపల స్క్రీన్‌లో ఉత్తుత్తి నిప్పు కనపడుతుంది, రాడ్ కాలదు పొగ రాదు. ఆలోచన మంచిదే, చెయ్యి కుదిరేదాకా దానిమీద తిప్పించొచ్చు. కానీ వచ్చిన ఏడాదికే సాఫ్ట్‌వేర్ లైసెన్సు అయిపోయింది, రెన్యువల్ చేయండి సార్ అని రాస్తే ఆ ఖర్చు రాసుకోడానికి పద్దు లేదన్నారు. దాన్ని కొనిచ్చిన స్కీము ముగిసిపోయింది, దాన్ని నడిపించే స్కీము ఇంకా పుట్టలేదు. గుడ్డ కప్పినాం. తనిఖీకి ఎవరన్నా వస్తున్నారంటే గుడ్డ తీసి తుడిచేది, వాళ్ల జీపు గేటు దాటుతానే మళ్లీ కప్పేది. దాని ఖరీదుకి ఎన్ని ప్యాకెట్ల రాడ్లు వస్తాయో మా వెల్డర్ సారు ఒకసారి బోర్డు మీద లెక్కేసి పిల్లోళ్లకు చూపించి, ప్రిన్సిపల్ వస్తున్నాడని తుడిచేసినాడు.

నేను చెప్పాలనుకున్న రాజకీయం ఇదే. పార్టీల రాజకీయం కాదు, దానికి తర్వాత వస్తా. ఒక్కసారి కొనేదానికి టెండర్ పిలవొచ్చు, రిబ్బన్ కట్టొచ్చు, పేరు చెక్కించొచ్చు. నెలనెలా పెట్టేదానికి, అంటే జీతానికి, రాడ్లకి, రిపేర్లకి ఏం కడతారు? ఇన్‌స్ట్రక్టర్ పోస్టు నింపినందుకు శిలాఫలకం వేసిన ఊరు నేనింతవరకు చూడలా. అందుకే పోస్టులు ఖాళీగా ఉంటాయి, గెస్ట్ అని, కాంట్రాక్ట్ అని, ఔట్‌సోర్సింగ్ అని పేర్లు మారుస్తా నెట్టుకొస్తారు, ఒక ట్రేడ్ సారు పక్క ట్రేడ్ క్లాసు కూడా చూసుకుంటాడు. ఫిట్టర్ సారు ఎలక్ట్రీషియన్ క్లాసు చూసుకోవడమంటే ఏందో కరెంటు పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక కెపాసిటీ బిల్డింగ్, అంటే నేర్పేవాళ్ల సామర్థ్యం పెంచడం. ఈ మాట ఈమధ్య ప్రతి స్కీములో ఉంటుంది. మా స్టాఫ్ రూంలో పాత జోకు ఒకటుంది, రెండో మాటకి బిల్లు పాసవుతుంది మొదటి మాట పెండింగ్ అని. రిటైర్మెంటుకు ముందు నన్ను ఇట్లాంటి ట్రైనింగులకు ఐదారుసార్లు పంపినారు. విజయవాడలో ఏసీ హాలు, మెడలో ట్యాగు, ఒక నోట్‌బుక్, పెన్ను, మధ్యాహ్నం మంచి భోజనం, అబద్ధం ఎందుకు. మొదటి స్లైడు మాత్రం ఎప్పుడూ ఒకటే: పద్ధతి ప్రకారం నైపుణ్య శిక్షణ పొందినవాళ్లు మన దేశంలో 4.69 శాతం, అమెరికాలో 52, జర్మనీలో 75, జపాన్‌లో 80, దక్షిణ కొరియాలో 96. 2015లో వచ్చిన జాతీయ స్కిల్ పాలసీలోవి ఆ అంకెలు. అవి చూసి అందరం అయ్యో అనుకోవాల. నేనూ మొదటిసారి అనుకున్నా. రెండోసారి అనిపించింది, ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చుని అంచు బుటా కలిపి పట్టుచీర నేసే ఆయన ఈ 4.69లో ఉన్నాడా? లేడు. ఆయన వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి లెక్కలో నైపుణ్యం లేనోడు. నాకు ఆ స్లైడు చూపించిన కుర్రాడు ఎవరో కన్సల్టెన్సీ వాళ్ల అబ్బాయి, మా అబ్బాయి వయసుంటుంది, మర్యాదగలవాడే, "సార్ మీ సమస్యలు ఈ స్టిక్కర్ మీద రాసి గోడకు అంటించండి" అన్నాడు. హాలు నిండా ఏటీవోలు, డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్లు, అందరం రాసినాం. మూడొంతుల మంది రాసింది ఒకటే, పోస్టులు నింపండి, మెటీరియల్ ఇవ్వండి అని. ఆయన అన్నీ చదివి, ఇవి పాలసీ లెవెల్ సార్, మన చేతిలో ఉన్నవి మాట్లాడుకుందాం అని ఆ స్టిక్కర్లన్నీ పక్కకు జరిపి మోటివేషన్ మీద వీడియో వేసినాడు. చివరిరోజు గ్రూప్ ఫొటో, మాస్టర్ ట్రైనర్ అని సర్టిఫికెట్. అది మా ఇంట్లో బీరువా మీద ఉంది ఇప్పటికీ.

అసలు ఇన్‌స్ట్రక్టర్ కెపాసిటీ అంటే ఏందో ఒకసారి చెప్పనీయండి, పేపర్లో దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి. ఫిట్టర్‌లో చేరిన పిల్లోనికి మొదట ఇచ్చేది ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి, మేం ఫైల్ అంటాం. ముక్కని వైస్‌లో బిగించి చదునుగా రాకాల, అంతే పని. వినడానికి ఏముంది అనిపిస్తుంది. పల్లె నుంచి వచ్చిన బలమైన పిల్లోడు మొదటి రోజు ఊగిపోతా రాకుతాడు, సాయంత్రానికి ముక్క మధ్యలో ఉబ్బి అంచులు అరిగి గుండ్రంగా తయారవుతుంది, తాబేలు వీపు లెక్క. ఎందుకంటే చెయ్యి ముందుకు పోయేకొద్దీ ఫైల్ అటు వాలిపోతుంది, వెనక్కొచ్చేటప్పుడు ఇటు వాలుతుంది. ముందు చేతి బరువు తగ్గిస్తా వెనక చేతి బరువు పెంచుతా పోవాల, కాళ్లు యాడ పెట్టాల, వైస్ మోచేతి ఎత్తున ఉందా లేదా, ఇవన్నీ చూసుకోవాల. ఇది పుస్తకంలో ఉంటుంది, వీడియోలో ఉంటుంది, కానీ యూనిట్‌లో 20 మంది పిల్లోళ్లు ఒకేసారి రాకుతుంటే వాళ్ల మధ్య తిరిగే సారుకి వీపు వెనకనుంచి శబ్దం వినే ఎవడు తప్పు చేస్తున్నాడో తెలియాల. సరిగ్గా పడే ఫైల్ ఒక రకంగా కోస్తుంది, జారే ఫైల్ కీచుమంటుంది. పోయి వాని మోచెయ్యి పట్టుకుని నాలుగుసార్లు ఆడించాల. ఆఖర్న ట్రై స్క్వేర్, అంటే మూలమట్టం, ఆనించి లైటు వైపు ఎత్తి చూస్తే సందులోంచి వెలుతురు రాకూడదు. ఆ వెలుతురు ఆగిన రోజు పిల్లోని మొహం చూడాల మీరు. ఆ చెవి నాకు రావడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది. పదకొండు నెలల కాంట్రాక్టు మీద వచ్చి, రెన్యువల్ అవుతుందో కాదో అని ఫోన్ చూసుకుంటా ఉండే ఇన్‌స్ట్రక్టర్‌కి ఆ చెవి ఎప్పుడు రావాల? వాన్ని తప్పు పట్టను, వానికి ఇల్లు గడవాల కదా.

ఇప్పుడు డబ్బుల సంగతి. డబ్బులు లేవని ఎవరన్నా అంటే నమ్మొద్దు, స్కీములకి ఎప్పుడూ కొదవ లేదు. 2007-08లో దేశంలో 1396 గవర్నమెంటు ఐటీఐలకి ఒక్కోదానికి రెండున్నర కోట్లు ఇచ్చినారు, గ్రాంటు కాదు గమనించండి, వడ్డీ లేని అప్పు, పరిశ్రమ వాళ్లు ఛైర్మన్‌గా ఉండే కమిటీ పేరున. 2008లో నేషనల్ స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, అంటే ఎన్‌ఎస్‌డీసీ వచ్చింది. 2014లో స్కిల్‌కి కేంద్రంలో వేరే మంత్రిత్వ శాఖే పెట్టినారు, మరుసటేడు ఐటీఐలు కార్మిక శాఖ నుంచి అందులోకి పోయినాయి. 2015 జులై 15న స్కిల్ ఇండియా, 2022కల్లా 40 కోట్ల మందికి శిక్షణ అన్నారు. మధ్యలో మా పరీక్షల పద్ధతి కూడా 2013లో సెమిస్టర్ చేసి, 2018లో మళ్లీ సంవత్సరం పద్ధతికి తెచ్చినారు, ప్రతి మార్పుకీ మాకు ఒక ఓరియెంటేషన్ ట్రైనింగు, దానికీ కెపాసిటీ బిల్డింగ్ అనే పేరు.

టార్గెట్ పెద్దదైతే ఏమైతుందో నేను మా ఊరి మోటార్ వైండింగ్ షాపులో చూసినా. మన జిల్లాలో బోరు లేని ఊరు లేదు, మోటార్ కాలని వారం లేదు, కాబట్టి వైండింగ్ మేస్త్రీలకు ఇక్కడ పనికి కరువు లేదు. నా దగ్గర ఎలక్ట్రీషియన్‌లో సీటు దొరక్క వెనక్కిపోయిన ఒక పిల్లోడు ఆ షాపులో చేరి పదేళ్లుగా సబ్‌మెర్సిబుల్ మోటార్లు కడుతున్నాడు, కాలిన రాగి తీగ చుట్టలు చూసి ఓవర్‌లోడా లేక సింగిల్ ఫేజు మీద తోలినారా చెప్పగలడు. ఒకరోజు ట్రైనింగ్ ఏజెన్సీ వాళ్లు వచ్చి ఆ బజార్లో షాపుల్లో పనిచేసే వాళ్లందరినీ ఒక కళ్యాణమండపంలో కూర్చోబెట్టి, టోపీ, టీషర్టు ఇచ్చి, ఫొటోలు తీసి, ముందే నేర్చిన పనిని గుర్తించే స్కీము కింద సర్టిఫికెట్ ఇచ్చిపోయినారు. అకౌంట్లో 500 పడతాయన్నారు, కొందరికి పడినాయి కొందరికి పడలేదు. మేస్త్రీ నాతో అన్నాడు, "సార్, వానికి పని నేర్పింది నేను, వచ్చని రాసిచ్చింది వాళ్లు, లెక్కలో మాత్రం గవర్నమెంటు నేర్పినట్టు పడిందంట." నేనేం చెప్పేది. మేస్త్రీకి టోపీ కూడా రాలేదు.

అట్లని గుర్తింపు ఇవ్వడం తప్పని కాదు, సర్టిఫికెట్ ఉంటే గల్ఫ్‌కి పోయేటప్పుడు పనికొస్తుంది. కానీ లెక్క కోసం చేసిన పని లెక్కలోనే తేలుతుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టు చూడండి, కేంద్రం స్కిల్ స్కీము ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నమోదైన 95 లక్షల పైచిలుకు మందిలో 94 శాతానికి పైగా రికార్డుల్లో బ్యాంకు అకౌంటు కాలమ్ ఖాళీగానో సున్నాలతోనో ఉందంట, కొన్నిచోట్ల వరసగా ఒకట్లు కొట్టి వదిలేసినారంట. 2016లోనే స్కిల్ కౌన్సిళ్ల పనితీరు చూడమని శారదా ప్రసాద్ గారి కమిటీని వేసినారు, టార్గెట్ల వెంట పరుగు గురించి వాళ్లు గట్టిగానే చెప్పినారు. ఎవరు విన్నారు?

మన రాష్ట్రానికొస్తే ఇంకా గమ్మత్తు. స్కిల్ అనే మాట ఇక్కడ చదువుల శాఖలో కంటే కోర్టుల్లో ఎక్కువ వినపడింది. స్కిల్ ల్యాబులు పెట్టే సీమెన్స్ ప్రాజెక్టు 3300 కోట్లు అన్నారు, అందులో 10 శాతం ప్రభుత్వానిది, మిగతాది కంపెనీల నుంచి అన్నారు. దానిమీద కేసు, 2023 సెప్టెంబరు 9 పొద్దున్నే పక్కన నంద్యాలలో చంద్రబాబు గారి అరెస్టు, రాజమండ్రి జైలు, ఆ గొడవంతా మీ పేపర్ చదివే వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తప్పెవరిదో నేను తేల్చేవాన్ని కాదు. నా బాధ వేరే. నెలల తరబడి టీవీల్లో స్కిల్ స్కిల్ అని అరిచినారు గదా, ఒక్క చర్చలోనైనా ఆ ల్యాబుల్లో పాఠం ఎవరు చెప్తున్నారు, వాళ్లకి జీతం ఎంత, ఆ మిషన్ల మీద పిల్లోళ్లు ఎన్ని గంటలు నిలబడినారు అని ఎవరన్నా అడిగినారా? ఒకరు దోచినారంటారు, ఒకరు కక్ష అంటారు, మధ్యలో ఇన్‌స్ట్రక్టర్ మాట రాదు. అవతలి ప్రభుత్వం పార్లమెంటు నియోజకవర్గానికొక స్కిల్ కాలేజీ అన్నది, ఈ ప్రభుత్వం 2024 జూన్‌లో వస్తానే మొదటి ఐదు సంతకాల్లో ఒకటి స్కిల్ సెన్సస్ మీద పెట్టింది. పిల్లోళ్లకు ఏం పని వచ్చో లెక్కపెట్టండి, మంచిదే, ఆ చేత్తోనే నేర్పేవాళ్లు ఎంతమంది మిగిలినారో కూడా లెక్కపెట్టండి. అది ఒక్క పూటలో అయిపోతుంది.

కియా గురించి కూడా చెప్పాల. 2017లో ఒప్పందం, 2019 డిసెంబరు 5న పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ ఓపెనింగు, ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ, వేరుశనగ ఎండిపోతే బెంగళూరు బస్సెక్కడం తప్ప తెలియని ఊర్లకి అది చిన్న విషయం కాదు, నేను నేర్పిన పిల్లోళ్లు కొందరు ఆ కంపెనీలో, దాని చుట్టూ వచ్చిన విడిభాగాల కంపెనీల్లో ఉన్నారు, పండగకి వస్తే కాళ్లకు దండం పెడతారు, సంతోషం. అదే ఏడాది జులైలో అసెంబ్లీ 75 శాతం ఉద్యోగాలు లోకల్ వాళ్లకే అని చట్టం చేసింది. అందులో ఒక మంచి మాట ఉంది, తగిన వాళ్లు దొరకకపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో లోకల్ వాళ్లకి నేర్పించి తీసుకోవాలని. చప్పట్లు 75 అనే అంకెకి పడినాయి, నేర్పించడం అనే మాట దగ్గర ఎవరూ ఆగలేదు. ఆ మూడేళ్లలో కనీసం చుట్టుపక్కల ఐటీఐల ఇన్‌స్ట్రక్టర్లను తలా రెండు నెలలు ఆ లైన్ మీద నిలబెట్టి పంపించుంటే, రోబో వెల్డింగ్ ఎట్లుంటుందో సారు కళ్లారా చూసొచ్చి పిల్లోళ్లకి చెప్పేవాడు. మేం యూట్యూబ్‌లో చూసి చెప్పినాం. ఆ 96 శాతం దక్షిణ కొరియా కంపెనీ మన గుమ్మంలోకి వచ్చి కూర్చుంటే, ఆ 96 కథ విజయవాడ హాల్లో స్లైడు మీద నేర్చుకున్నాం.

ఇప్పుడు కొత్తగా ఐటీఐలను బాగుచేసే కేంద్రం స్కీము పీఎం సేతు వచ్చింది, 2025 అక్టోబరు 4న మొదలుపెట్టినారు. 60 వేల కోట్లు, ఐదేళ్లు, వెయ్యి గవర్నమెంటు ఐటీఐలు, అందులో 200 హబ్బులు, అంటే ప్రధాన ఐటీఐలు, వాటికి అనుబంధంగా 800 స్పోక్‌లు. కేంద్రం 30 వేలు, రాష్ట్రాలు 20 వేలు, పరిశ్రమలు 10 వేల కోట్లు, కేంద్రం వాటాలో సగానికి ప్రపంచ బ్యాంకు, ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు చెరిసగం. సరాసరి తీస్తే ఐటీఐకి 60 కోట్లు, అంతా వాటికే పోదులెండి, అయినా మేం ఆకురాయికి ఇండెంట్ పెట్టి ఆరు నెలలు చూసినోళ్లం, ఆ అంకె చూస్తే తల తిరుగుతుంది. 50 వేల మంది ట్రైనర్లకి ట్రైనింగ్ ఇస్తామని కూడా రాసినారు, భువనేశ్వర్, చెన్నై, హైదరాబాద్, కాన్పూర్, లూధియానాల్లోని ఐదు సంస్థల్ని దానికోసం బాగుచేస్తారంట. కాగితం మీద నాకు నచ్చిన ముక్క ఇదే. కానీ ట్రైనింగ్‌కి ఎవరు పోతారు? పోస్టు ఖాళీ ఉన్నచోట కుర్చీని పంపుతారా? గెస్ట్ ఇన్‌స్ట్రక్టర్‌కి గంటల లెక్క జీతం, వాడు హైదరాబాద్ పోయి నేర్చుకునే రోజులకి గంటలు ఎవరు రాస్తారు? వాడు పోతే ఇక్కడ 20 మంది పిల్లోళ్లని ఎవరు చూస్తారు, నాలాంటి రిటైరైనోళ్లమా? చూస్తాం, పిలిస్తే వస్తాం, మోకాళ్లు నొప్పులున్నా నిలబడతాం. ఇంతవరకు ఎవరూ పిలవలా.

నా విన్నపం ప్రభుత్వానికి తర్వాత, ముందు మీకే. ఈసారి ఆ రిబ్బన్ ఫొటో వేసేటప్పుడు మీ విలేకరిని ఇంకో రెండు లైన్లు తెమ్మనండి. ఆ సెంటర్‌లో మంజూరైన ఇన్‌స్ట్రక్టర్ పోస్టులెన్ని, అందులో పర్మినెంట్ మనిషి కూర్చున్నవెన్ని. పోయినేడు పిల్లోనికి రోజుకి ఎన్ని రాడ్లు ఇచ్చినారు. ఎవరినీ తిట్టక్కర్లేదు, ఫొటో కింద అంకెలు వేయండి చాలు, తిరుపతిలోనో కర్నూల్లోనో కడపలోనో ఏ ఎడిషన్‌లోనైనా. సేతు డబ్బులు వచ్చినప్పుడు కూడా గోడలకెంత, మిషన్లకెంత, మనుషులకెంత అని మూడు గళ్లు గీసి వేయండి. మోటార్ వైండింగ్ మేస్త్రీని వారానికి రెండు రోజులు ఐటీఐకి పిలిచి గౌరవంగా డబ్బిచ్చి నేర్పించమని కూడా రాయండి, ఆయన వస్తానన్నాడు, నేను అడిగినా.

ఉత్తరం పొడుగైపోయింది, మీకు జాగా ఉండదని తెలుసు. పార్టీల ముక్క కావాలంటే తీసేయండి, కియా ముక్క కూడా తీసేయండి, మీ ఇష్టం. రాడ్ల లెక్క మాత్రం కత్తిరించొద్దు.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఏటీవో, ఫిట్టర్ ట్రేడ్
అనంతపురం